ఆంప్లిఫయరు మన యిండ్లకు వచ్చిన కథ



నేడు నేను మాటలాడబోవునది పురాణమును గాదు, వ్యాకరణమును గాదు. ముప్పదియైదేండ్లు పిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్న పండితుడు ఆంప్లిఫయరును గూర్చి యేమి చెప్పగలడని మీలో కొందఱు నవ్వుదురేమో. నవ్వుడు, తప్పులేదు. కాని ఆ పెట్టెవలన నేను జీవితములో రెండుమాఱు లపరాధి నైతిని. అపరాధము చేసినవాడు ఆ వస్తువును గూర్చి తక్కినవారికంటె కొంచె మెక్కువ విచారించును గదా.

మాది పెద్దదోర్నాల. 1970వ సంవత్సరము దాక మా మార్కాపురము తాలూకా కర్నూలు జిల్లాలోనిది. ఆ యేట ఒంగోలు జిల్లా యేర్పడగా అందు చేరినది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. మా యూరినుండి శ్రీశైలమునకు సుమారు 50 కిలోమీటర్లు. త్రోవ పొడుగునను నల్లమల యడవియే. శివరాత్రి దినములలో నడచిపోవు యాత్రికుల భజనలు నా చిన్ననాడు రాత్రివేళ దూరమునుండి సన్నగా వినవచ్చెడివి. గొంతుక తప్ప వారికి వేఱు సాధనము లేదు.

మా తండ్రిగారు పురాణము చెప్పెడివారు. మైకు లేని దినములలో ఆయన పాటించిన పద్ధతి యొకటి కలదు. మండపములో గోడకు వీపు చేర్చి కూర్చుండెడివారు. వెనుకకు పోవు ధ్వనిని గోడ ముందునకు మరల్చును. గాలి యెటు వీచుచున్నదో చూచి ఆ దిక్కునకు ముఖము పెట్టెడివారు. ఎంత చేసినను రెండువందల మందికి మించి వినలేకుండిరి. నాటకముల వారికిని ఇదే చిక్కు. స్థానం నరసింహారావుగారి వంటి నటులు వేలమంది కూర్చున్న పందిళ్ళలో మైకు లేకయే పద్యము పాడి మెప్పించినవారు. మన రంగస్థలమున పద్యమును హెచ్చుశ్రుతిలో నెత్తి, చివరి యక్షరమును అంతసేపు సాగదీయుట యేలనని నా విద్యార్థులు పలుమాఱు లడిగెడివారు. రసము కొఱకని పెద్దలు చెప్పుదురు. నా మట్టుకు నాకు కడపటి వరుసలోని వాని చెవి కొఱకని తోచును. మైకు వచ్చిన తరువాత ఆ యవసరము పోయినది, అలవాటు మాత్రము నిలిచినది.

ధ్వనిని పెద్దది చేయు ప్రయత్నము మనుష్యుడు చిరకాలము బాకాతోనే చేసెను. 1877లో ఎడిసను ఫోనోగ్రాఫును కల్పించినాడు. 1902లో గ్రామఫోను కంపెనీవారు మనదేశమునకు వచ్చి కలకత్తాలో గౌహర్ జాన్ మొదలగువారి పాటలను ముద్రించిరి. ఆ పెట్టెకు తగిలించిన యిత్తడి బాకా ధ్వనికి క్రొత్త బలము నీయలేదు, ఉన్న బలమును చెదరకుండ బయటికి పంపినది, అంతియే. నిజముగా బలము చేర్చు ఉపాయము గాజుబుడ్డిలో పుట్టినది. 1904లో ఇంగ్లండులో ఫ్లెమింగను పండితుడు గాలి తీసిన గాజుబుడ్డిలో ఒక కాలెడు తీగను, దాని యెదుట ఒక లోహపు రేకును నిలిపి, విద్యుత్తు ఒక దిక్కునకే ప్రవహించునట్లు చేసెను. అదియే వాల్వు. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్టు ఆ రెండింటి నడుమ సన్నని తీగజాలి నొకదాని నమర్చెను. తాను చేసిన బుడ్డిలో నేమి జరుగుచున్నదో ఆయనకే చక్కగా తెలియదని చెప్పుదురు. తరువాతివారు దానిని శోధించి, బుడ్డిలోని గాలిని ఇంకను శుభ్రముగా తీసి, పనికి తెచ్చిరి.

ఆ తీగజాలి చేయు పనిని మనవైపు వారికి చెప్పుట సులభము. మన కంభము చెఱువును తలచుకొనుడు. తూము ఎత్తు మనుష్యుని భుజబలమెంత? ఆ తూముగుండ వచ్చు నీటి బలమెంత? వాడు తలుపును జానెడెత్తిన జానెడు నీరు, మూరెడెత్తిన మూరెడు నీరు. నీటికి బలమిచ్చినవాడు వాడు గాడు. బలము చెఱువుది, ఆడించుట మాత్రము వానిది. వాల్వులోని జాలి ఆ తలుపు. మైకునుండి వచ్చు బలహీనమైన ధ్వని తలుపు నెత్తి దించు చేయి. విద్యుత్తు చెఱువు. కనుక చిన్నధ్వని తానే ఉబ్బి పెద్దదగుట లేదు. చిన్నధ్వని చెప్పినట్లెల్ల ఒక పెద్దశక్తి ఆడుచున్నది. ఈ యుపమానము నాది గాదు. ఎవరిదో ముందు చెప్పెదను.

ఆ శక్తిని మఱల గాలిలో ధ్వనిగా మార్చు సాధనము స్పీకరు. 1915లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రిధాము, జెన్సను అను ఇరువురు దానిని జనసమూహముల యెదుట మ్రోయించిరి. 1919లో ఆ దేశాధ్యక్షుడు విల్సను శాన్‌డియేగోలో సుమారు 50,000 మందికి వినిపించునట్లు వారి యంత్రముతో మాటలాడెను. 1925లో రైసు, కెలాగు అనువారు కాగితపు గరాటును తీగచుట్టతో ఆడించు స్పీకరును ప్రకటించిరి. నేడు మన యిండ్లలోని స్పీకర్లు చాలవఱకు దాని సంతతియే. మనదేశమున 1930ల దశకములో కాంగ్రెసు సభలలో చికాగో రేడియో అను భారతీయ సంస్థవారి మైకులు వెలసినవి. గాంధిగారి స్వరము మెత్తనిదని విన్నాము. అట్టి స్వరమును లక్షలమంది యెట్లు వినిరని యాశ్చర్యపడువారు, ఆయన ఛాయాపటములలో ముందున్న మైకుపై ఆ సంస్థ పేరును చదువవచ్చును.

ఇక రేడియో. మద్రాసులో 1924లో సి. వి. కృష్ణస్వామి చెట్టిగారి పూనికతో రేడియో క్లబ్బు వెలసి, ప్రసారము లారంభించినది. అది ధనాభావముచే మూతపడగా, 1930 ఏప్రిలు 1వ తేదీనుండి మద్రాసు కార్పొరేషను ఆ పనిని నడపినది. రేడియో కొనలేనివారు మెరీనా తీరమున స్పీకర్ల క్రింద నిలిచి వినుచుండిరి. 1938 జూను 16న మద్రాసు ఆకాశవాణి, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము, 1963 జూను 17న కడప కేంద్రము వచ్చినవి. 1956లో పూనా ప్రాంతమున చేసిన ప్రయోగమును బట్టి, 1959లో దేశమంతటను గ్రామ రేడియో గోష్ఠులు పెట్టిరి. పదిమంది కూడి విని, విన్నదానిని చర్చింపవలెననునది వాని యుద్దేశము. నా బాల్యములో రేడియో చావడిలోనుండెడిది, బాకా వెలుపల గోడకుండెడిది. లోపలి పెట్టెనుండి బయటి బాకాకు పోవు ఆ రెండుపోగుల తీగయే నేను కన్న మొదటి సంధానము. పావురములు దానిపై వ్రాలెడివి.

నా మొదటి యపరాధము 1975లో శ్రీరామనవమి నాటిది. నాకు పదునైదేండ్లు. పందిటిలో తండ్రిగారు సీతాకల్యాణ ఘట్టము చెప్పుచుండిరి. మైకుసెట్టు తెచ్చినవారు పొరుగూరివారు, పేరు చెప్పను. ఇనుపపెట్టెలో వాల్వుల ఆంప్లిఫయరు. వెనుక రెండు మరలకు రెండు బాకాల తీగలును కలిపి బిగించి యుండెను. ఒక బాకా వేపచెట్టున, రెండవది బజారువైపున. మా తల్లిగారు ఆ యేడు జబ్బుపడి మంచమున నుండిరి. బజారువైపు బాకాను మా వీధివైపునకు త్రిప్పినచో ఆమెయు వినునని నాకు బుద్ధి పుట్టినది. తీగ చాలదు. ఇంకొక ముక్క చేర్చవలెను. మైకాయన భోజనమునకు లేచిన సమయము చూచి, నేను వెనుకకు పోయి మరలు వదలించి తీగలన్నియు నూడదీసితిని. పెట్టెను ఆపవలెనని తోచనేలేదు. వాల్వులు ఎఱ్ఱగా వెలుగుచునే యున్నవి. తండ్రిగారు మైకులో పద్యము నెత్తుకొనిరి. లోపల టప్పున నొక చప్పుడు, వెంటనే లక్క కాలిన కంపు. తీగలను మఱల చుట్టబెట్టి గుంపులో కలిసిపోయితిని.

తండ్రిగారు మైకును ప్రక్కకు నెట్టి గొంతుక పెంచి ఘట్టము ముగించిరి. ముందటి నాలుగు వరుసలవారు వినిరి. వెనుకటివారు లేచిపోయిరి. మైకాయనకు ఇయ్యవలసిన బాడుగను మా పెద్దలు నిలిపివేసి, పాతపెట్టె తెచ్చినావని నలుగురిలో నిందించిరి. ఆయన యేమియు మాటాడక పెట్టెను సైకిలుపై కట్టుకొని పోయెను. పెండ్లిండ్ల కాలమంతయు ఆయనకు పని లేకపోయెనని పిమ్మట వింటిని.

జరిగిన దేమనగా, వాల్వులకును బాకాకును నడుమ ట్రాన్స్‌ఫార్మరు అను తీగచుట్ట యుండును. వాల్వులనుండి వచ్చు శక్తి ఆ చుట్టగుండ బాకాకు పోయి ధ్వనియై ఖర్చగును. బాకాను తీసివేసి, మైకులో గట్టిగా మాటాడితిమా, శక్తికి పోవు త్రోవ లేదు. చుట్టలో ఒత్తిడి మితిమీఱి తీగల నడుమనున్న పూత పగిలి మాడిపోవును. ప్రతిమాఱు నిట్లగునని గాదు. ఒక్కమాఱు చాలును. వాల్వుల పెట్టెలో మూడునాలుగువందల వోల్టుల విద్యుత్తు తిరుగుచుండును. ప్లగ్గు పీకిన తరువాతను అది లోపలి కండెన్సర్లలో కొంతసేపు దాగియుండును. ఆనాడు నా చేయి పెట్టె లోపలికి పోలేదు, దైవమే కాపాడినాడు.

వాల్వుల రాజ్యము ఇంచుమించుగా ఆ దినములలోనే ముగియుచుండెను. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బార్డీను, బ్రాటెను, షాక్లీ అనువారు ట్రాన్సిస్టరును కనుగొనిరి. వారికి 1956లో నోబెలు బహుమానము వచ్చినది. గాజుబుడ్డి లేదు, కాలెడు తీగ లేదు, గోరంత ముక్క తూముపని చేయును. 1980ల నాటికి మా ప్రాంతమున రేడియో బాగుచేయు పిల్లలు 2ఎన్ 3055 అను గుర్తుగల లోహపుటోపీ వంటి ట్రాన్సిస్టర్లతోను, పిమ్మట ఎస్.టి.కె. అను గుర్తుగల నల్లని బిళ్ళలతోను ఆంప్లిఫయర్లు కూర్చి అమ్మసాగిరి. మైకువారి సొత్తు ఇంటిసొత్తైనది. పెట్టెకు డబ్బు చాలనివారు స్పీకరును మట్టికుండ మూతికి బోర్లించి గోడమూలను పెట్టెడివారు. పెద్దలు దీనిని జూచి నవ్విరి గాని, అందు శాస్త్రము లేకపోలేదు. స్పీకరు ముందునకు గాలిని నెట్టునపుడు వెనుక గాలిని లాగును. ఆ రెండును కలిసినచో లోతుస్వరము చచ్చును. వెనుకగాలిని కుండలో బంధించినచో ముందుగాలి నిలుచును. పెట్టెలపై వేలకొలది వాట్లని అచ్చువేసి అమ్ము అలవాటును ఆ కాలపుదే. అందు నూఱవ వంతు నిజమున్న పెట్టెను మంచిపెట్టె యనవచ్చును.

1982లో శ్రీశైలమున విద్యుదుత్పత్తి మొదలైనది. ఏబది కిలోమీటర్ల దూరమున నున్న మాకు మాత్రము సాయంకాలమగుసరికి దీపము గుడ్డిది. ఆంప్లిఫయరుకంటె ముందు స్టెబిలైజరు కొనవలసివచ్చెను.

1986 నాటికి మా తండ్రిగారికి చెవులు వినబడుట తగ్గినది. ఒకప్పుడు మండపమంతయు నిండించిన మనుష్యుడు, రేడియో కడకు పీట లాగుకొని చెవిని దానికి ఆనించి, 1974 నుండి ఢిల్లీ కేంద్రము ప్రసారము చేయుచున్న సంస్కృతవార్తలు వినుచుండెను. నా కది చూడ శక్యముగాక ఒక ఆంప్లిఫయరును, రెండు కఱ్ఱపెట్టెల స్పీకర్లను కొంటిని. రేడియోకు చెవిగొట్టము తగిలించు రంధ్రమునుండి తీగ తెచ్చి ఆంప్లిఫయరునకు కలిపితిని. స్పీకర్ల తీగలు బిగించితిని. పండితుడను గదా, అన్నియు తెలియునని ధీమా. తీగలోని వెండ్రుకవంటి పోగొకటి ఎఱ్ఱమరనుండి జాఱి నల్లమరను తాకుచుండుట నేను చూడలేదు. మీట నొక్కి స్వరము పెంచగానే మొదటి మాటతోనే ఆ ప్రక్క మూగపోయెను.

దానిని చంకనిడుకొని మార్కాపురము పోయితిని. బాగుచేయువారి అంగడి ఫలానిచోట నున్నదని చెప్పగా పోయి చూచితినిగదా, బల్లవెనుక ఆ మైకాయనయే. తల నెఱసినది. నన్ను గుర్తించినట్లు కనబడలేదు. మూత విప్పి, మాడిన రెండు ట్రాన్సిస్టర్లను వేలితో చూపి, నావైపు చూడకయే ఇట్లనెను: "సామీ, ఆ పొద్దు తూము మూసినారు, ఈ పొద్దు తూము పగలగొట్టినారు."

నాకు నోట మాట రాలేదు. పదునొకండేండ్లుగా ఆయనకు తెలియును. తీగ చుట్టిన తీరులోనే పిల్లవాని చేయి కనబడెనట. బాడుగ యిచ్చెదనని నేను తడబడుచు ననగా ఆయన తల యూపి, "ఆ నెల్లోనే పెద్దసామి వచ్చి బాడుగ ఇచ్చినారు, ట్రాన్స్‌ఫార్మరు చుట్టిన కూలి గూడా ఇచ్చినారు. పిల్లోన్ని అడగొద్దన్నారు" అనెను.

ఆ మధ్యాహ్నము ఆయన నాకు చెప్పిన పాఠము ఏ పాఠశాలలోను నేను వినలేదు. వాల్వులకు తూము మూసిన భయము, ట్రాన్సిస్టర్లకు తూము తలుపు లేకపోయిన భయము. స్పీకరు తగిలింపకున్నను ట్రాన్సిస్టరు పెట్టె సాధారణముగా ఓర్చుకొనును. దాని రెండు తీగలు ఒండొంటిని తాకినచో ప్రవాహమునకు అడ్డులేక ఆ గోరంతముక్క క్షణములో మాడును. కావున ఏ పెట్టెకైనను తీగలు తగిలించునపుడు కరెంటు ఆపియుండవలెను. పోగులను పురిపెట్టి మరక్రింద నొదిగించవలెను. ఒక్క పోగును వెలికి రాకూడదు. స్పీకరుపై నాలుగో ఎనిమిదో ఓములని వ్రాసియుండును. అది అడ్డుయొక్క కొలత. ఎనిమిది ఓముల స్పీకర్లు రెంటిని ఒకే జత మరలకు ప్రక్కప్రక్కన తగిలించినచో అడ్డు నాలుగోములకు దిగును. పెట్టె నాలుగింటికి ఓర్చునో లేదో దాని వీపుపై చూచిన పిమ్మటనే ఆ పని చేయవలెను. ఎఱుపు ఎఱుపునకు, నలుపు నలుపునకు. ఒక స్పీకరునకు తారుమారైనచో, ఒకే తలుపును ఒకడు లోపలినుండి, ఒకడు బయటినుండి త్రోసినట్లు లోతుస్వరములు ఒండొంటిని చంపుకొనును. పెట్టె చెడదు గాని మృదంగము మూగపోవును.

మీటలకును క్రమమున్నది. స్వరపు మరను అడుగునకు త్రిప్పి, ముందు రేడియో, కడపట ఆంప్లిఫయరు. ఆపునపుడు ముందు ఆంప్లిఫయరు, కడపట రేడియో. తలక్రిందులుగ చేసితిమా, రేడియో మేల్కొనునపుడు పుట్టు చిన్నకుదుపు నూఱంతలై స్పీకరు కాగితమును తన్నును. వాల్వులపెట్టె యైనచో వెలిగించిన పిమ్మట అరనిమిషము ఆగవలెను. బుడ్డి కాగక ధ్వని రాదు. తెలియనివారు ధ్వని రాలేదని స్వరపు మరను కొసదాక త్రిప్పి, వచ్చునప్పటికి ఉలిక్కిపడుదురు. తగిలించిన పిమ్మట ఎడతెగని ఝుంకారము వచ్చినచో, అది మన కరెంటు క్షణమునకు ఏబదిమాఱులు ఊగులాడుటవలన కలుగు మ్రోత. మైకు, రేడియో తీగలను కరెంటు తీగకు దూరముగా నుంచి, భూమితీగ సరిగానున్నదో లేదో చూచుకొనవలెను. మ్రోత పోవుటకని భూమితీగను తీసివేయువారున్నారు. అది ప్రాణముతో ఆట. ఈ మాట మాత్రము ఆయన రెండుమాఱులు చెప్పెను.

ఆయన నానుండి రెండు ట్రాన్సిస్టర్ల వెలను మాత్రము తీసికొనెను.

ఇంటికి వచ్చి ఆ క్రమమున తగిలించితిని. మఱునాటి యుదయము సంస్కృతవార్తలు ఇల్లంతయు నిండెను. తండ్రిగారు పీట వెనుకకు జరుపుకొని, గోడకు వీపు చేర్చి కూర్చుండి వినిరి. ముగిసిన పిమ్మట, వార్తలు చదివినాయన విసర్గలను మ్రింగుచున్నాడని అనిరి. అంతకుముందు పదిదినములనుండి వారు ఒక్క వాక్యమును ఇంత నిశ్చయముగా పలికియుండలేదు. మైకాయన మాటను నేను ఎత్తలేదు, వారును ఎత్తలేదు.

తండ్రిగారు పోయి చాలకాలమైనది. పట్టణములో ఒక పెండ్లిపందిరి దాటునపుడు గుండె యదరు మ్రోత వినిన, రాత్రి పదిగంటల మొదలు ఉదయము ఆఱుగంటల దాక మైకులను నిషేధించిన 2000వ సంవత్సరపు నియమములు ఎవరి కొఱకు వ్రాసిరో యని తలంతును. మా యింటి పెట్టె యిప్పటికిని పనిచేయుచున్నది. ఒక స్పీకరు కాగితమును ఎలుకలు కొఱికివేయగా మార్పించితిని. ఆ రెండు ట్రాన్సిస్టర్లు మాత్రము ఆనాడు ఆయన వేసినవే. ఈ ప్రసంగము ప్రసారమగు సాయంకాలము, ముందు రేడియో మీట, పిదప దాని మీట నొక్కి, గోడకు వీపు చేర్చి వినవలెనని యున్నాను.